సున్నాలతో గృహప్రవేశం

బొబ్బిలి బజారులో గోగునార వ్యాపారం చేసే ఒక షావుకారు దగ్గర నేను గుమాస్తాగా చేరిన కొత్తలో, ఆ కొట్టు మొత్తం ఒక ఇనుప యంత్రం మీద నడిచేది. దాన్ని లెక్కల మిషను అనేవాళ్లం. మీటలు జరిపి అంకెలు పెట్టి, పక్కనున్న పిడిని ముందుకు తిప్పితే కూడేది, వెనక్కి తిప్పితే తీసేసేది. జవాబు కింద వరసగా ఉన్న చిన్న కిటికీల్లో కనబడేది. విజయనగరంలో టైపు నేర్చుకుంటూ దీన్ని తిప్పడం కూడా నేర్చుకున్నాను గనక నాకు ఉద్యోగమిచ్చారు. లేకపోతే పాతపట్నం దగ్గర మా నాన్న వరిచేలో ఉండేవాణ్ణి. నేను రాలేదని వరి బెంగపెట్టుకున్నట్టు కబురేమీ లేదు.

షావుకారు రైలుస్టేషను దగ్గర కొత్త మేడ కట్టి, కొట్టూ కాపురమూ అందులోకే మార్చాడు. బల్లలూ బస్తాలూ కూలీలు మోశారు. మిషను మాత్రం నాకప్పజెప్పాడు.

"దీనికేటైనా అయితే బాగుసేసీవోడు కలకత్తా నుంచి రావాల. ఆడొచ్చీదాకా నువ్వు మీ ఊరెళ్లి నాట్లేసుకో," అన్నాడు. వాడొచ్చాక నన్ను పిలుస్తానని మాత్రం అనలేదు.

ముహూర్తం పెట్టిన పంతులు మిషను నక్షత్రం అడిగాడు. దొరల సీమలో పుట్టింది, వేళ తెలియదన్నాను. ఆయన ఆలోచించి, పర్వాలేదన్నాడు.

ప్రయాణానికి కట్టే పద్ధతి మిషను అమ్మినతను ముందే చెప్పాడు. కిటికీలన్నిటినీ సున్నాలకు తేవాలి. అప్పుడే తాళం పిన్ను లోపలికి దిగుతుంది. దిగకపోతే దారి పొడవునా చక్రాలు ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. నేను సున్నాలు తెస్తూ ఉండగా షావుకారు తల్లి చూసింది.

"కొత్తింటికి సున్నాలట్టుకెళ్తావేట్రా? నీ మొగం సూస్తే సాలదా? దాంట్లో వెయ్యిన్నూట పదార్లెట్టు!"

పెళ్లి చదివింపులన్నమాట. తాళం గురించి వివరించాను. షావుకారు ఓపిగ్గా విన్నాడు.

"అమ్మ సెప్పింది కదా. సున్నా కనిపించిందంటే నువ్వు కనిపించకు," అన్నాడు.

అంకెలుంటే మిషను పోతుంది, దాంతో నేను పోతాను. సున్నాలుంటే నేనొక్కణ్ణే పోతాను. ఆలోచించి సున్నాలే ఉంచి, తాళం వేసి, చుట్టూ గోగునార కుక్కి, పైన ఆవిడ ఇచ్చిన పట్టుగుడ్డ కప్పాను. గుమ్మం దగ్గర గుడ్డ కింద చెయ్యి పెట్టి పదహార్లు తెప్పించవచ్చని నా ఏర్పాటు.

మిషనుతో నేను బండెక్కాను. ఆవిడ రిక్షాలో పక్కనే వచ్చింది.

"ఒరే, అంకెలు కదల్లేదు కదా?"

"లేదండమ్మగోరూ. పెళ్లికూతుర్లాగ తలొంచుకు కూకున్నాయి."

గుమ్మంలో పీట మీద దించాం. ఆవిడ హారతి వెలిగించే సందులో గుడ్డ కింద తాళం తీసి, మీటల మీద వెయ్యిన్నూట పదహారు పెట్టాను. పిడి ఒక్కసారి ముందుకు తిప్పితే చాలు, కిటికీల్లోకి వచ్చేస్తుంది. పిడి మీద చెయ్యి వేశాను.

"ఉండ్రా! ముందు యజమాని తిప్పాల," అని షావుకారు నన్ను పక్కకు నెట్టాడు. భక్తిగా కళ్లు మూసుకుని, గుడ్డ లాగేసి, పిడిని వెనక్కి తిప్పాడు.

ఠంగుమని గంట మోగింది. లేనిదాంట్లోంచి తీసెయ్యమంటే మిషను అలా తిడుతుంది. జనం చేతులు జోడించారు. కిటికీల నిండా తొమ్మిదులు, చివర్న ఎనిమిదులూ ఒక నాలుగూ.

"లచ్చిందేవొచ్చిందిరా నాయనా!" అంది తల్లి.

షావుకారు వేలు పెట్టి కుడి నుంచి ఒకట్లు, పదులు, వందలని చదువుతూ పోయి మధ్యలో ఆగాడు. "కోట్లు దాటితే ఏటంటార్రా?"

"నేనంత దూరమెప్పుడూ ఎళ్లలేదండి," అన్నాను.

నిజానికి మిషను చెబుతున్నది ఒకటే, ఈ ఇంట్లో వెయ్యిన్నూట పదహార్లు తక్కువని. చెబుదామని నోరు తెరిచాను. షావుకారు అందులో లడ్డూ పెట్టాడు.

"ఈడి సెయ్యి మంచిది. ఈణ్ణి వదల్ను," అని అందరితోనూ చెప్పి, నా వైపు తిరిగి, "ఆ అంకె సెరిపేవంటే సూడు!" అన్నాడు.

నా ఉద్యోగం నిలబడింది. మిషను పట్టుగుడ్డ కింద దర్జాగా కూర్చుంది. మధ్యాహ్నం దిగిన గోగునార బేళ్ల లెక్క నేను గోడకానుకుని, వేళ్లు మడుచుకుంటూ పెన్సిలుతో కూడాను.