కింద నువ్వు, పైన నేను

తెనాలిలో మా ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్ళంతా రెండు మాటలంటారు. ఒకటి, ఇది పాత ఇల్లంటే నమ్మలేమండి అని. రెండోది, ఆ వంటగట్లేంటండి, కింది వాటాలో అంత పొట్టిగా, పై వాటాలో అంత ఎత్తుగా అని. మొదటి మాటకి నేను పొంగిపోతాను. రెండో మాటకి మా చెల్లెలూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటాం.

పెళ్ళిళ్ళయ్యాక నేను రేపల్లెలో, తను బాపట్లలో. ఇద్దరివీ అద్దె ఇళ్ళే. మా ఆయన రిటైరైన ఏడాదే మరిదిగారికి తెనాలి బదిలీ అయింది. అందరం ఆలోచించుకుని కలిసి ఒక పాత మేడ కొన్నాం. కింద ఒక వాటా, పైన ఒక వాటా. కింద గోడలు నడుమెత్తు దాకా చెమ్మ పట్టి, సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. పైన వంటింటి కిటికీకి రెక్కల్లేవు. పావురాలు దర్జాగా కాపురం పెట్టాయి. మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. నాకు మాత్రం ఆ ఇల్లు చూడగానే నచ్చేసింది.

ఏ వాటా ఎవరిదన్నది ఆ రోజే, అయిదు నిమిషాల్లో తేల్చేశాం. అదే మేం చేసిన తప్పు.

"పెద్దదానివి, కింద నువ్వుండక్కా. నాకు పైన గాలి బాగుంటుంది" అంది మా చెల్లెలు.

నిజానికి నా ప్రాణమంతా పైవాటా మీదే ఉంది. వంటింట్లోంచి నాలుగడుగులు వేస్తే డాబా, దాని నిండా ఎండ. రేపల్లెలో నాలుగు వడియాలు పెట్టుకోవాలన్నా ఇంటివాళ్ళని అడిగి వాళ్ళ డాబా ఎక్కాలి. పాతికేళ్ళు అలా అడిగి అడిగి విసిగిపోయాను. అయినా నోరు తెరిచి నాకు పైన కావాలని అనలేకపోయాను. అది గాలి కావాలంటుంటే కాదని నేనెక్కి కూర్చుంటానా? "అలాగేలే" అన్నాను. మొహమాటంలో మా పుట్టింటివాళ్ళని మించినవాళ్ళు ఈ చుట్టుపక్కల ఉన్నారని నేననుకోను.

పని చేబ్రోలు మేస్త్రికి అప్పగించాం. ప్రతి ఆదివారం నేను రేపల్లెలో, తను బాపట్లలో రైలెక్కేవాళ్ళం. తెనాలి స్టేషన్లో కలుసుకుని ఆటోలో ఇంటికి. నా సంచిలో పులిహోర, తన సంచిలో పెరుగన్నం. తోడల్లుళ్ళిద్దరూ ఇసుకగుట్ట పక్కన కుర్చీలేసుకుని, టీలు తాగుతూ, ఎవరూ అడగని సలహాలిస్తుండేవాళ్ళు. చెమ్మ గోడలు గీకించి కొత్తగా పూయించాం. వైర్లు, పైపులు అన్నీ మార్పించాం. టేకు గుమ్మాలు మాత్రం కదపనివ్వలేదు. వాటి మీది పాత రంగులు గీకితే తేనె రంగు చెక్క బయటపడింది. ఆ గుమ్మాన్ని చేత్తో నిమురుతూ మా చెల్లెలు చాలాసేపు నిలబడిపోయింది.

మూడో నెలలో అనుకుంటాను, నేను పైనుంచి ఎంత కేకేసినా తను రాలేదు. వెళ్ళి చూస్తే సగం మెట్ల మీద గోడ పట్టుకుని కూర్చుని ఉంది. మోకాళ్ళ నొప్పులట. రెండేళ్ళుగా ఉన్నాయట. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మరి పైవాటా ఎందుకడిగావే?"

"పెద్దదానివి, నిన్ను మెట్లెక్కిస్తానా?"

"నీ కుట్టుమిషను సంగతేంటి?"

"జాకెట్ల కోసం మేడెక్కి ఎవరొస్తారులే అక్కా. ఇంక మానేస్తా."

ఆ మాట ఎంత తేలిగ్గా అందో! బాపట్లలో ఇరవై ఏళ్ళుగా ముందు గదిలో మిషను పెట్టుకుని, వచ్చినవాళ్ళతో కబుర్లాడుతూ బతికిన మనిషి. తన చేతి జాకెట్టు ఒకసారి వేసుకున్నవాళ్ళు మరొకరి దగ్గరికి వెళ్ళరు. మిషను మూత పెట్టేస్తే ఈ మనిషి ఏమైపోతుందోనని నాకు భయం పట్టుకుంది.

"నాకు పైనే ఇష్టం, ఒట్టు. నువ్వు కిందుండు" అన్నాను.

నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? చిన్నప్పుడు మామిడిపండు కోసినప్పుడల్లా ముక్కలన్నీ తనకి పెట్టేసి, "నాకు టెంకే ఇష్టం" అని చీకుతూ కూర్చునేదాన్ని. పెద్దయ్యాక తనకి అసలు సంగతి అర్థమైంది. అప్పట్నుంచీ నేను ఏదన్నా ఇష్టమంటే చాలు, అనుమానంగా చూస్తుంది.

"ఇది కూడా మామిడి టెంకేనా? నా కోసం నువ్వేం త్యాగాలు చెయ్యక్కర్లేదు" అంది. ఎన్ని ఆదివారాలు చెప్పినా అదే జవాబు. చివరికి నాకూ పౌరుషం వచ్చి ఆ మాటెత్తడం మానేశాను. దిగులు మాత్రం పోలేదు.

మా మేస్త్రికి ఒక పద్ధతుంది. వంటగట్టు కట్టే ముందు వండే మనిషిని గోడ పక్కన నిలబెట్టి, మోచెయ్యి వంచమని, దానికి జానెడు కింద ఇటుకముక్కతో గీత గీస్తాడు. నేను తాడిచెట్టంత ఉంటాను, మా చెల్లెలు నా భుజం దాకా వస్తుంది. ఒకనాడు పైన పనిచూస్తున్న నన్ను అక్కడే నిలబెట్టి గీత గీశాడు. కిందకెళ్ళి మా చెల్లెల్ని అక్కడే నిలబెట్టి మరో గీత గీశాడు. కొలతలు రాసుకుని ఎవరి వాటాలో వాళ్ళ ఎత్తుకి కడతాడులే అనుకున్నాను. గట్లు కట్టి పైన రాయి పరిచిన చివరి రెండు వారాలూ మేం సామాన్లు సర్దుకోవడంలో పడి రాలేకపోయాం. మగవాళ్ళు చూసుకున్నారు. గట్టు ఎత్తు గమనించే మగవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

గృహప్రవేశం నాడు రెండు వాటాల్లోనూ ఒకే ముహూర్తానికి పాలు పొంగించాలన్నారు పంతులుగారు. పాలగిన్నె పట్టుకుని నేను కింది వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి మీద గిన్నె పెట్టాలంటే నడుం వంచాల్సి వచ్చింది. ఇదేంట్రా అనుకునేలోపే పైనుంచి కేక.

"అక్కా, ఈ గట్టేంటి! గిన్నెలోకి చూడాలంటే స్టూలెక్కాలి!"

గోడ పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. భోజనానికి పిలిచిన మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలోనే ఉన్నాడు.

"ఏంటి మేస్త్రిగారూ, రెండూ తారుమారు చేశారు?" అన్నాను.

"తారుమారు చేసింది నేను కాదండి, మీరే. పెద్దమ్మగారు ఆటో దిగితే చాలు, తిన్నగా పైకెళ్ళిపోతారు. అన్నం తిన్నా డాబా మీదే. చిన్నమ్మగారేమో ఈ ముందు గది కిటికీ దగ్గర కూర్చుంటే లేవరు. వీధిలో పోయేవాళ్ళ జాకెట్లే చూస్తుంటారు. ఇన్నాళ్ళూ చూశాను కదండి. ఎవరు ఎక్కడుంటే అక్కడ గీశాను."

"ఒక్క మాట అడగొచ్చు కదా?"

"అడిగితే మీరిద్దరూ నిజం చెబుతారేంటండి?"

మా ఆయన పకపకా నవ్వారు. పంతులుగారు ముహూర్తం దాటిపోతోందని గొడవ చేస్తున్నారు. మా చెల్లెలు నా మొహంలోకి చూసింది.

"నిజంగానే పైన ఇష్టమా?"

"నిజంగానే."

"మరి టెంక?"

"అది అబద్ధమే."

తను నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నా చేతిలో పాలగిన్నె లాక్కుని తన పొట్టి గట్టు ముందు నిలబడింది. నేను చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మెట్లెక్కి పైకి పరిగెత్తాను. ఆ రోజు రెండు పొయ్యిల మీదా పాలు పొంగాయి.

ఇప్పుడు ఆ కిటికీ దగ్గరే తన మిషను. పొద్దున్న తొమ్మిదయ్యేసరికి వాకిట్లో నాలుగు జతల చెప్పులుంటాయి. నా వడియాలకి డాబా సరిపోవడం లేదు. కింద వంటలో సాయం చేద్దామని వెళ్తే, "వంగక్కా, మా ఇంట్లో వంగాల్సిందే" అంటుంది.

నిన్న మధ్యాహ్నం మరిదిగారు ఒక ప్లేటు తెచ్చిచ్చారు. నిండా మామిడిపండు ముక్కలు. కిందకి దిగి చూస్తే మా చెల్లెలు మిషను ముందు కూర్చుని, మోచేతుల దాకా రసం కారుతుంటే, టెంక చీకుతోంది.

"నాకు టెంకే ఇష్టమక్కా" అంది.

నేను నమ్మలేదు. పైకెళ్ళి ముక్కలన్నీ తినేశాను.