ఒంటరి డ్యూటీ

మెట్రో రైలెక్కి చాలా కాలమైంది గానీ, నా రోజంతా మెట్రోలతోనే గడుస్తుంది. రాజమండ్రిలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని, ఎక్కడెక్కడి నగరాల మెట్రోలు పంపే అంకెలను పక్కపక్కన పేర్చడం నా పని. ఎవరి రైళ్ళు ఎంత ఆలస్యం, ఎవరి ఎస్కలేటర్లు ఎన్నిసార్లు ఆగిపోయాయి, అన్నీ. ఊరి పేర్లుండవు, ఒక్కొక్కరికీ ఒక్కో అక్షరం. పేరు లేకపోతే పరువు భయం ఉండదు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతారు. ఒకరిది బాగుంటే ఎలా చేశారని మిగతావాళ్ళు అడిగి నేర్చుకుంటారు. పక్కింటివాళ్ళ ఆవకాయకి బూజెందుకు పట్టలేదో కనుక్కోవడం లాంటిదే. కాకపోతే వీళ్ళు నిజం చెబుతారు.

మా ఆయన పోయాక సిటీలో ఉద్యోగం మానేసి, ఈ పని ఒప్పుకుని ఇక్కడికి వచ్చేశాను. వచ్చిన కొత్తలో అందరూ "ఏదైనా కావాలంటే ఫోన్ చెయ్యమ్మా" అన్నారు. నాకేమీ కావలసి రాలేదు. ఏమీ అక్కర్లేని మనిషికి ఫోన్ చేయడానికి సాకు దొరకదని అప్పుడు తెలీదు. మీటింగుల్లో కూడా నాది మ్యూటే, అంకెలు చూపిస్తే చాలు. ఒక్కోరోజు సాయంత్రం దాకా నా గొంతు నేనే వినను.

ఈమధ్య మెట్రోలన్నిటికీ ఒక ప్రశ్న పంపాం. చివరి రైలు వెళ్ళాక స్టేషన్లో ఒక్కడే ఉండే ఉద్యోగి క్షేమం ఎలా కనుక్కుంటారని. కెమెరాలన్నారు, అలారమన్నారు, యాప్ అన్నారు. ఒక మెట్రో మాత్రం, "కంట్రోల్ రూమ్ నుంచి గంటకోసారి ఫోన్ చేస్తాం" అని రాసి, ఏమేం అడుగుతారన్న గడిని ఖాళీగా వదిలేసింది. ఖాళీ గడి చూస్తే నాకు ఒళ్ళుమంట. జవాబు పూర్తి చెయ్యండని కాస్త కటువుగానే రాశాను.

"పూర్తిగానే ఉంది. మేమేమీ అడగం. అతను ఉన్నాను అంటాడు, పెట్టేస్తాం. పలక్కపోతే మనిషిని పంపుతాం" అని తిరిగి రాశారు.

లేచి వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. ఏడుపొచ్చింది. నేను పలక్కపోతే ఎవరొస్తారు? పాలవాడు ప్యాకెట్లు గేటుకి తగిలించి, అవి పాడైపోయాక విసుక్కుంటాడు, అంతే.

ఆ పద్ధతి మంచిదని అందరికీ గట్టిగా సిఫారసు చేశాను. కొన్ని మెట్రోలు మొదలుపెట్టాయి కూడా. నేను మాత్రం ఊరుకున్నాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నాకేమో అడగడమంటే తల కొట్టేసినట్టుంటుంది.

చివరికి ఆత్రేయపురంలో ఉన్న మా ఆడపడుచుకి ఫోన్ చేశాను. మా ఆయనకి అక్క, మితభాషి. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు తప్ప మేం మాట్లాడుకున్నది తక్కువే.

"వదినగారూ, రోజూ పొద్దున్నే నాకోసారి ఫోన్ చేస్తారాండి?"

"ఏంటమ్మా, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉందండి. ఉన్నాను అంటాను, పెట్టేయండి."

"పలక్కపోతే?"

"మనిషిని పంపాలండి" అని నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

మర్నాడు తెల్లారగానే ఫోన్ మోగింది. "ఏమ్మా, ఉన్నావా?" అన్నారు. పనేమీ లేకుండా, కేవలం నా కోసం వచ్చిన ఫోన్ అది. ఒక్క మాట అంటే సరిపోయేది, ఏడుపు ముంచుకొచ్చింది. అది ఆవిడకి వినపడుతుందని సిగ్గేసి కట్ చేశాను. మళ్ళీ మళ్ళీ మోగినా తియ్యలేదు. కాస్త తేరుకున్నాక నేనే చేసి ఏదో సర్దిచెబుదాంలే అనుకుని, మొహం కడుక్కుని పనిలో కూర్చున్నాను.

మీటింగ్ మధ్యలో గేటు చప్పుడైంది. వదినగారు. గోదావరి గట్టు రోడ్డంతా ఆటోలో వచ్చినట్టున్నారు, జుట్టు నిండా దుమ్ము. గుమ్మంలోనే ఆగి, ఆయాసపడుతూ నన్ను ఎగాదిగా చూశారు.

"పంపడానికి మా ఇంట్లో మాత్రం ఎవరున్నారమ్మా?" అన్నారు. "నేనే వచ్చాను."