డెరెక్‌కి ఇచ్చిన మాట

అమరేందర్‌కి ఇంగ్లీషువాళ్ళ మీద కోపం లేదు, నమ్మకమూ లేదు. కోవెంట్రీలో ఇల్లు అద్దెకిచ్చినవాడి చేత బాయిలరు ఎవరు బాగుచేయించాలో రాయించుకున్నాడు. పాత కారు కొన్నప్పుడు స్పేర్ టైరు సంగతి కూడా రసీదులోకి ఎక్కించాడు. ఉద్యోగం కార్ల విడిభాగాల కంపెనీలో, సాఫ్ట్‌వేర్ పని. మేనేజర్ నోటితో చెప్పినదాన్ని ఈమెయిల్లో పెట్టించుకుని గాని ఇంటికి వెళ్ళేవాడు కాదు. ఇంత జాగ్రత్తపరుడు ఒక్క మనిషి దగ్గర మాత్రం కాగితం అడగలేదు. ఆ మనిషి తెలుగువాడు, పైగా అన్న.

'మనవాళ్ళు' అనే మాటకి పరాయి దేశంలో ఉన్నంత పలుకుబడి సొంత ఊళ్ళో ఉండదు. తెనాలి వెంకటసుబ్బారావు, లాలాగూడ అమరేందర్ హైదరాబాదులో ఎదురుపడి ఉంటే ఒకరి యాసని ఒకరు వెక్కిరించుకుని ఎవరి దారిన వాళ్ళు పోయేవారు. ఇంగ్లండులో కలిశారు కాబట్టి అన్నదమ్ములయ్యారు.

సుబ్బారావు ఉండేది లండన్ శివారు హేస్‌లో. ఎయిర్‌పోర్టు గోదాములకి మనుషుల్ని పంపే ఏజెన్సీ నడిపి బాగానే వెనకేసుకున్నాడు. 2006లో కోవెంట్రీ వీవర్స్ అనే బాస్కెట్‌బాల్ క్లబ్బు అప్పుల్లో మునిగి అమ్మకానికి వస్తే కొనేశాడు. ఆ ఆట గురించి ఆయనకి తెలిసిందల్లా బంతి నారింజ రంగులో ఉంటుందని. అమరేందర్‌కి మిగతాదంతా తెలుసు. లాలాగూడ రైల్వే క్వార్టర్సులో ఇంటి వెనకే సిమెంటు కోర్టు. కుర్రతనమంతా అక్కడే గడిచింది, రైల్వే జూనియర్ జట్టుకి కూడా ఆడాడు. ఎత్తు చాలక తను ఆగిపోయాడు గాని, ఆట తలలో ఆగలేదు.

"తమ్ముడూ, జట్టు నువ్వు కట్టు, చెక్కులు నేను రాస్తా," అన్నాడు సుబ్బారావు, అమరేందర్ ఇంట్లో ఆదివారం భోజనానికి కూర్చుని. తన పనికి చెక్కు ఎవరు రాస్తారని అమరేందర్ అడగలేదు. కల నిజమవుతుంటే జీతం అడగటం ఎవరికీ తోచదు. అలాంటివాళ్ళ మీదే క్లబ్బులు బతుకుతాయి.

జట్టు కట్టడమంటే మంచి ఆటగాళ్ళని కొనడం కాదు. లీగులో ఒక కట్టుబాటు ఉంది. ఏ క్లబ్బూ తన ఆటగాళ్ళందరి జీతాలూ కలిపి ఒక హద్దు దాటకూడదు. దాన్ని క్యాప్ అంటారు. యూరప్ బయటివాళ్ళు ఇంతమందే ఉండాలని ఇంకో నియమం. ఆ ఇరుకులోనే బంతి నడిపేవాడు, దూరం నుంచి వేసేవాడు, బుట్ట కింద నిలబడి తగిలి వచ్చిన బంతుల్ని, అంటే రిబౌండ్లని, అందుకునే పొడుగువాడు, ఎవరికైనా మడమ బెణికితే దిగేవాడు, అందరూ పట్టాలి.

సుబ్బారావుకి పాయింట్లు కొట్టే అమెరికన్ స్కోరర్లు కావాలి. వీలైతే ముగ్గురు.

"అన్నా, స్కోరర్లు ముగ్గురైతే బంతి మూడైతదా? ఇస్తరి నిండ లడ్డూలు పెట్టి అన్నం మరిస్తే ఎట్ల?"

"లడ్డూలు చూసేగా తమ్ముడూ జనం పంక్తిలో కూచునేది," అని నవ్వాడు సుబ్బారావు. అమరేందర్ కూడా నవ్వాడు. అది జోకనుకున్నాడు.

వేసవి పొడుగునా ఆఫీసు నుంచి రాగానే అదే పని. జట్టు దాదాపు కుదిరింది. పొడుగువాడొక్కడే తక్కువ. లిథువేనియాలో ఒకడు దొరికాడు. యూరప్‌వాడే కాబట్టి వర్క్ పర్మిట్ గొడవ లేదు, అడిగింది కూడా ఎక్కువేం కాదు. కానీ క్యాప్‌లో ఆ కాస్త చోటూ లేదు. ఎవరి జీతమైనా తగ్గాలి. తగ్గగలిగే జీతం ఒక్కటే, డెరెక్ ఫ్రాన్సిస్‌ది.

డెరెక్ వీవర్స్ కెప్టెన్. జమైకా నుంచి వచ్చినవాళ్ళ కొడుకు, కోవెంట్రీలోనే పుట్టాడు. ముప్పై నాలుగేళ్ళు, మోకాళ్ళ వయసు మాత్రం ఇంకా ఎక్కువ. బంతి అతని చేతిలో ఉన్నంతసేపు మిగతా నలుగురూ కుదురుగా ఉంటారు. పగలు ఒక స్కూల్లో ఆటల సహాయకుడు. శనివారాలు అదే స్కూలు హాల్లో పిల్లలకి ఆట నేర్పుతాడు. అమరేందర్ కూతురు, ఎనిమిదేళ్ళ అక్షర, ఆ పిల్లల్లో ఒకతె.

అమరేందర్ ముందు సుబ్బారావుని అడిగాడు. "డెరెక్ ఈ ఏడు తక్కువకు ఆడుతడు. వచ్చే ఏడు ఆయనను అసిస్టెంట్ కోచ్‌గ పెట్టుకోవాలె, నిండు జీతం మీద. మాటియ్యమంటవా?"

"ఇచ్చెయ్. కాగితం కావాలా?"

"మన ఇద్దరి నడుమ కాగితమేందన్నా," అన్నాడు అమరేందర్. అడిగితే అన్నని అవమానించినట్టు అనిపించింది. ఆ తర్వాత తన తెలివి చూపించుకోవాలన్న సరదాతో ఇంకో మాట కూడా చెప్పాడు. "ఇంకో లాభమున్నదన్నా. కోచ్ జీతం క్యాప్ లెక్కల రాదు."

సుబ్బారావు పెరుగన్నం కలపడం ఆపాడు. "ఏదీ, మళ్ళీ చెప్పు," అన్నాడు. అమరేందర్ మళ్ళీ చెప్పాడు. అన్నకి ఆట మీద శ్రద్ధ కుదురుతోందని మురిసిపోయాడు.

డెరెక్ స్కూలు హాల్లో బెంచీ మీద కూర్చుని అంతా విన్నాడు. ఈ ఏడాది కెప్టెన్‌గా ఆడాలి, జీతంలో మూడో వంతు వదులుకోవాలి, వచ్చే ఏడాది కోచ్. పాత కాంట్రాక్టు రద్దు చేసుకుంటున్నట్టు ఇప్పుడు సంతకం పెట్టాలి. కొత్తది ఓనరు సంతకంతో వస్తుంది.

"ఆ ఓనర్ని నేను ఒక్కసారి చూశాను," అన్నాడు డెరెక్. "నువ్వేమంటావు?"

"నా మాట తీసుకో."

డెరెక్ పెన్ను అడిగాడు. అమరేందర్ జేబులో పెన్ను ఎప్పుడూ ఉంటుంది.

సెప్టెంబరులో కొత్త జట్టుని చూపించే వేడుక. కొత్త కాంట్రాక్టు ఏదని డెరెక్ రెండుసార్లు అడిగితే వస్తుందనే చెప్పాడు అమరేందర్. సుబ్బారావు తనకీ అదే చెప్పాడు మరి. స్పోర్ట్స్ సెంటర్ వాకిట్లో మనిషెత్తు పోస్టరు. దాని ముందు నిలబడి అక్షర ఒక్కో మొహాన్నీ వేలితో చూపించుకుంటూ పోయింది.

"డాడ్, వేర్ ఈజ్ డెరెక్?"

డెరెక్ లేడు. లిథువేనియా మనిషీ లేడు. మధ్యలో బంతిని వేలి మీద తిప్పుతూ అమరేందర్ ఎన్నడూ చూడని అమెరికన్ ఒకడున్నాడు. అడుగున, స్పాన్సర్ల పేర్ల మధ్య చిన్న అక్షరాలు: అసిస్టెంట్ కోచ్, డెరెక్ ఫ్రాన్సిస్.

సుబ్బారావు టీ బల్ల దగ్గర కౌన్సిల్ పెద్దలతో ఉన్నాడు. అమరేందర్ పక్కకి పిలిచాడు.

"ఏందన్నా ఇది?"

"ఏముందయ్యా, కోచ్ చెయ్యమన్నావు, చేశా. ఏడాది ముందే చేశా."

"జీతం?"

"స్పాన్సర్లు రానీ, చూద్దాం. ఈలోగా గౌరవంగా ఉంటాడు."

"లిథువేనియా ఆయన?"

"రిబౌండ్లు పట్టేవాణ్ణి చూట్టానికి టిక్కెట్టు ఎవడు కొంటాడు చెప్పు? అతని డబ్బు, డెరెక్ డబ్బు కలిపితే ఈ కుర్రాడొచ్చాడు. కిటుకు నువ్వు చెప్పిందే. కోచ్ లెక్కలోకి రాడని."

"నేను మాటిచ్చిన అన్నా."

"నువ్విచ్చావు," అన్నాడు సుబ్బారావు, భుజం మీద చెయ్యి వేసి. "నేనెక్కడన్నా రాసిచ్చానా? పేర్లు లీగుకి వెళ్ళిపోయినయ్. రా, ఫోటో దిగుదాం. మనది కుటుంబం."

అమరేందర్ ఫోటో దిగలేదు. ఆ కుటుంబంలో అతని తిరుగుబాటు అంతవరకే. కూతురి చెయ్యి పట్టుకుని ఇంటికి వచ్చేశాడు.

భార్య పుష్పలీల అంతా విని, కూరగాయలు తరుగుతూనే అడిగింది. "కాగితం ఎందుకు రాయించుకోలే?"

"అన్నను అడుగుతనా?"

"డెరెక్‌తోని రాయించుకుంటివి గద."

పుష్పలీల అక్కడితో ఆగలేదు. "మనవాడని ఆయనను నమ్మినవ్. మనవాడు కాదని డెరెక్‌తోని సంతకం పెట్టించుకున్నవ్. ఆఖరికి నిన్ను నమ్మింది ఎవరు?"

శనివారం అక్షరని తీసుకుని స్కూలుకి వెళ్ళాడు. డెరెక్‌కి క్లబ్బు నుంచి ఫోన్ వచ్చిందట. జీతం లేని గౌరవ పదవి వద్దని చెప్పేశాడట. పిల్లల్ని హాలు చుట్టూ పరిగెత్తమని చెప్పి గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"నీకు ముందే తెలుసా?"

"తెలీదు. నన్నూ మోసం చేశాడు."

"నిన్ను మోసం చేసినవాణ్ణి నువ్వు ఎంచుకున్నావు," అన్నాడు డెరెక్. గొంతు పెంచలేదు. "నేను ఎంచుకుంది నిన్ను. అతని మొహం చూసి సంతకం పెట్టలేదు నేను."

అమరేందర్ ఏదో చెప్పబోయాడు. లీగుకి ఫిర్యాదు, లాయరు, అలాంటివేవో. రద్దు కాగితం తను ఎంత పకడ్బందీగా రాశాడో తనకే బాగా తెలుసు. లాయరు చదివినా అందులో సందు దొరకదు.

డెరెక్ వెనక్కి తిరిగి అక్షరని చూశాడు. "పాపకి ఎడమ చేత్తో బంతి ఆడించడం ఇప్పుడిప్పుడే వస్తోంది. మాన్పించకు, ప్రతి వారం తీసుకురా. నువ్వు మాత్రం కార్లో కూర్చో."

వీవర్స్ ఆ సీజను మొదట్లో గెలిచారు. తర్వాత పొడుగువాళ్ళున్న ప్రతి జట్టు చేతిలోనూ ఓడారు. హాలు మాత్రం నిండింది. సుబ్బారావు నష్టపోలేదు. దీపావళికి మిఠాయిల డబ్బా కూడా పంపించాడు.

అమరేందర్ శనివారాలు స్కూలు ముందు కార్లో కూర్చునేవాడు. లోపల్నుంచి బంతుల చప్పుడు, మధ్యమధ్య డెరెక్ గొంతు వినపడేవి. వాన పడుతున్న ఒక రోజు అక్షర తడుచుకుంటూ వచ్చి కారు ఎక్కింది.

"ఎవ్రీవన్స్ డాడ్ వాచెస్. వై డోంట్ యు కమ్ ఇన్?"

"పార్కింగ్ దొరకది బిడ్డా. బండి వదిలిపెట్టి రాలేను."

అక్షర అద్దం మీద ఆవిరి తుడిచి బయటికి చూసింది. కార్ పార్కు సగానికి పైగా ఖాళీగా ఉంది. ఆ పిల్ల సీటు బెల్టు పెట్టుకుంది.