విసిరినా ఊడని మడత

మా అమ్మమ్మ దుప్పటిని చేతికివ్వదు, విసురుతుంది. నాలుగు మడతలు వేసి, చివరి కొసను లోపలికి దోపి, పిడికిలితో ఒక్కటిచ్చి ఈ గదిలోంచి ఆ గదిలోకి వదులుతుంది. మేం మడిచింది దారిలో ఊడిందా, మాకు ఆ పూట తిట్లే. ఏళ్ళ తరబడి ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైనా ఆ చేతులు ఊరుకోవు. మా ఇంటికొచ్చిన ప్రతి అల్లుడూ మొదటి వారంలోనే మొహాన దుప్పటి దెబ్బ తిన్నవాడే. మా నాన్న కళ్ళజోడు సంగతి ఇక చెప్పక్కర్లేదు.

ఈ విద్య ఆవిడకి వాళ్ళమ్మ నేర్పింది. ఆ తాతమ్మ క్యాథలిక్ సిస్టర్లు నడిపే అనాథాశ్రమంలో పెరిగింది. చిన్నప్పటి సంగతులు అడిగితే "అక్కడ పెరిగా, అంతే" అని మాట దాటేసేది. ఆమె పోయాక అమ్మమ్మకి ఒకటే పట్టుదల.

"మా అమ్మని 'మా పిల్ల' అనేవాళ్ళు భూమ్మీద ఒక్కరైనా ఉండాలి కదే! కనుక్కోవాల్సిందే," అంటూ నా ప్రాణం తోడేసింది. పడలేక ఆ ఆశ్రమానికి బస్సెక్కించి, నేనూ వెంట వెళ్ళాను.

ఆఫీసు గదిలో ఉన్న చిన్న సిస్టర్ తాతమ్మ పేరు విని మొహం చిన్నబుచ్చుకుంది.

"పాత కాగితాలన్నీ వరదల్లో పోయాయండీ. ఏమీ అనుకోకండి."

అమ్మమ్మ "పర్లేదమ్మా" అని నవ్వింది గానీ, వరండాలోకి రాగానే కళ్ళు తుడుచుకుంది. నాకైతే ఆ వరదల్ని పట్టుకుని తన్నాలనిపించింది.

వరండా చివర ఇస్త్రీ గది తలుపు బార్లా తీసి ఉంది. లోపల ఇద్దరమ్మాయిలు దుప్పట్లు మడుస్తున్నారు. నాలుగు మడతలు, కొస లోపలికి, పిడికిలితో ఒకటి. దుప్పటి గాల్లోకి లేచింది. నిచ్చెన మీదున్న మూడో అమ్మాయి అందుకుని పై అరలో పెట్టింది.

ఇక అమ్మమ్మ ఆగుతుందా! లోపలికి దూరి, బుట్టలోంచి ఒక దుప్పటి లాగి, మడిచి, గురి చూసి విసిరింది. నిచ్చెన మీది పిల్ల పకపకా నవ్వుతూ పట్టుకుంది.

మూల కుర్చీలో కునికిపాట్లు పడుతున్న పెద్ద సిస్టర్ కళ్ళు తెరిచింది. ఆవిడకి తొంభై ఎప్పుడో దాటాయి.

"ఎవరమ్మా నువ్వు? ఆ మడత ఎవరు నేర్పారు?"

"మా అమ్మండీ. ఇక్కడే పెరిగింది," అంటూ అమ్మమ్మ వాళ్ళమ్మ పేరు కూడా చెప్పింది.

పెద్దావిడ తల అడ్డంగా ఊపింది. "వందలమందిని పెంచాను తల్లీ. మొహం గుర్తు రావట్లేదు, అబద్ధమెందుకు? కానీ పిల్లలకి ఆ పై అరలు అందక ఈ మడత కనిపెట్టింది నేనే. ఇక్కడి పిల్లలకి తప్ప ఎవరికీ నేర్పలేదు. మీ అమ్మ మా పిల్లే. నా పిల్లే!"

అమ్మమ్మ ఏడుస్తూనే నవ్వుతోంది. నేనూ అంతే.

పెద్ద సిస్టర్ మాత్రం ఆ దుప్పటిని కిందికి తెప్పించి, వేళ్ళతో నొక్కి చూసి, మొహం చిట్లించింది.

"ఇదేం మడత? ఇంత వదులా? నా పిల్ల ఇలా నేర్పి ఉండదు. మళ్ళీ మడువు."

మా ఇంట్లో అమ్మమ్మ పనికి వంక పెట్టి బతికి బట్టకట్టినవాళ్ళు లేరు. ఏమంటుందోనని ఊపిరి బిగబట్టాను. ఆవిడ బుద్ధిగా కుర్చీ పక్కన నేల మీద కూర్చుని దుప్పటి విప్పుకుంది.

"అలాగే అమ్మమ్మా," అంది.