అంతేనమ్మా అనే పోలీసు

మేం పొట్టకూటికి వలసొచ్చిన ఈ హిందీ ఊళ్లో, ఠాణాలో ఒక పోలీసు మా శ్రీకాకుళం వైపువాడే. ఏది చెప్పినా “అంతేనమ్మా” అని ముగించేవాడు. ఇనుప తుక్కు దొంగిలించాడని నా పెనిమిటిని పట్టుకెళ్లినప్పుడు ఆ పోలీసునే అడిగాను.

“మా ఆయన్నేటి సేసినారు బాబూ?”

“ఒక్క దెబ్బ కొట్టనేదు. మొకానికి తడిగుడ్డ కప్పి నీళ్లు పోసినారు. అంతేనమ్మా.”

“అది సిత్రహింస కాదేటి?”

“అంత పెద్దమాట ఎందుకు? పూఛ్‌తాఛ్ అంటారు, ప్రశ్నలడగడం.”

ఇంటికొచ్చాక పెనిమిటి నీళ్లగ్లాసు చూసినా వణికేవాడు. వారం తిరక్కుండానే పోయాడు.

పదోరోజున మాంగో వంతెన కింద, సువర్ణరేఖ ఏటి ఒడ్డున అయినవాళ్లంతా ధర్మోదకాలు వదులుతుంటే, ఆ పోలీసూ మనూరివాడేనంటూ దోసిలి నింపుకుని వచ్చాడు.

చెయ్యి అడ్డం పెట్టాను. “ఆయనకి మీరు ముందే పోసీసినారు గదా. సిత్రహింస అని ఒక్కపాలి అను. అప్పుడు వదులు.”

పోలీసు దోసిట్లో నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోయాయి. అంతే.