మగ్గం గుంతలో రాక్షసబల్లి

ఆ రోజుల్లో నాకు తెలియనిది అంటూ ఏమీ ఉండేది కాదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన వాళ్ళందరికీ ఈ జబ్బు కొంత ఉంటుందట గానీ, నాకు మాత్రం బాగా ముదిరి ఉండేది. ఆదోనిలో డిగ్రీ ముగించి, ఎమ్మిగనూరులో ఒక చిన్న ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ పిల్లలకి టీచరుగా చేరాను. చిన్నపిల్లలకి చదువు చెప్పడం ఎలాగో నాకంటే ముందు ఈ భూమ్మీద ఎవరికీ తెలియదని నా గట్టి నమ్మకం. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అని చెప్పుకుంటూ కూర్చోవడం నాకు నామోషీగా ఉండేది. అందుకే ఒక ఆదివారం ఇంటికి వెళ్ళినప్పుడు ఆదోని బజారంతా గాలించి రాక్షసబల్లుల బొమ్మల పుస్తకం ఒకటి కొనుక్కొచ్చాను. అట్ట లాంటి మందపాటి పేజీలు, పేజీకో జంతువు, కుడివైపు అంచున ఒక ఎర్ర మీట. ఆ మీట నొక్కితే పుస్తకం గుర్రుమంటుంది.

తరగతిలో మొదటిసారి మీట నొక్కినప్పుడు సగం మంది ఏడ్చారు, మిగిలిన సగం మళ్ళీ నొక్కమన్నారు. ఏడుపులు సర్దుమణిగాక అందరికీ ఒకటే అనుమానం వచ్చింది. "ఇవి యాడుంటాయి మిస్సూ?" అని అడిగారు. ఇప్పుడు లేవు, ఎప్పుడో చచ్చిపోయాయి అన్నాను. ముందు వరుసలో కింది పెదవులు వణకడం మొదలైంది. మళ్ళీ ఏడుపులు నావల్ల కావు కాబట్టి, "లేవంటే లేవని కాదు, భూమి కింద ఉన్నాయి, తవ్వితే కనిపిస్తాయి" అని సర్దిచెప్పాను. (శాస్త్రం ప్రకారం తప్పేమీ లేదు. ఎముకలు అన్న ఒక్క మాట మాత్రం వదిలేశాను.) పిల్లలు ఎంతో తృప్తిగా తలలూపారు. అందరికంటే గట్టిగా ఊపింది మా బుడంకాయ.

బుడంకాయ నేను అద్దెకున్న ఇంటి వాళ్ళ పిల్ల. గుండ్రంగా, చిన్నగా, చేనుగట్టున దొరికే ఆ కాయలాగే ఉండేది కాబట్టి వీధంతా అలాగే పిలిచేవాళ్ళు. మగ్గాల వీధిలో ఉండేది ఆ ఇల్లు. ముందు గది నాది, లోపలి గది మగ్గానిది. మగ్గం తాతది. తాత, అవ్వ, ఆటో నడిపే కొడుకు, బట్టల కొట్టులో పనికి పోయే కోడలు, ఈ బుడంకాయ, అంతే ఇల్లు. కొడుకుని నేను ఆటో అన్న అనేదాన్ని.

ఆ మగ్గం గది తలచుకుంటే ఇప్పటికీ నాకు మెడ వెనక చల్లగా అవుతుంది. ఒక్కటే చిన్న కిటికీ. నేలలో నడుము లోతు గుంత. తాత గట్టు మీద కూర్చుని కాళ్ళు గుంతలోకి దించి, అక్కడున్న కట్టెల్ని తొక్కుతూ నేసేవాడు. కిటికీ వెలుగు తాత మొహం మీద, చేతుల మీద పడేది. నడుము కింది మనిషి చీకట్లో ఉండేవాడు. రోజూ దిగేముందు గుంత అంచుని తాకి కళ్ళకద్దుకునేవాడు. నేసేవాడు తప్ప ఇంకెవరూ ఆ గుంతలో కాలు పెట్టకూడదని ఆ ఇంటి కట్టుబాటు. ఊడ్చే పని కూడా తాతదే. ఒకప్పుడు వీధి పొడుగునా మగ్గాల చప్పుడేనట. నేను వెళ్ళేసరికి ఒక్కో ఇల్లే చల్లబడుతోంది. గుంత పూడ్చి పైన బండలు పరిచిన గదుల్లో మనుషులు మాట్లాడినా గొంతులు వేరేగా వినిపించేవి. సాయంత్రం ఆ వీధిలో నడుస్తుంటే, తాత మగ్గం ఒక్కటే టకటకమంటూ వెనకాలే వస్తున్నట్టు ఉండేది.

ఆ ఒక్కటి కూడా ఆగిపోయే రోజు వచ్చేసింది. గుంత పూడ్చి ఆ గదిలో జెరాక్స్ షాపు పెట్టాలని ఆటో అన్న పట్టుదల. అందుకని ఇంటి ముందు గరుసు మట్టి కుప్ప కూడా తోలించేశాడు. "మగ్గం మీదున్న చీర దిగిన మర్సటి దినమే పూడుస్తాం నాయనా, ఇంగ నువ్వు కూసోని తిను" అన్నాడు. తాత వద్దన్నాడు. కొడుకు వినలేదు. తాత ఇంకోసారి వద్దన్నాడు. అవ్వ కూడా, "ముసలితనాన ఈ సాదస్తమేంది నీకు?" అని కొడుకు వైపే మాట్లాడింది. అంతటితో తాత నోరు మూసుకున్నాడు. చీర మాత్రం రోజుకి జానెడైనా జరిగేది కాదు. బడికి పోతూ వస్తూ ఆ గరుసు కుప్పని చూస్తే, ఎవరినో పూడ్చడానికి తెచ్చి పెట్టుకున్నట్టే అనిపించి నాకు దిగులు వేసేది.

ఇంతలో బడిలో నా పుస్తకం మాయమైంది. హెడ్మాస్టరు గారు తన మనవడి కోసం పట్టుకుపోయి ఉంటారని నా అనుమానం. (అడిగే ధైర్యం లేదు. అన్నీ తెలిసిన మనిషినే గానీ, ఉద్యోగం కొత్తది.) ఆ మరుసటి సోమవారం మధ్యాహ్నం బడి వదిలి వచ్చి అవ్వ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. కరెంటు లేదు. వీధిలో కుక్క కూడా మెదలడం లేదు. లోపల మగ్గం టకటకమంటోంది. ఉన్నట్టుండి ఆ చప్పుడు కింద నుంచి ఇంకో చప్పుడు వచ్చింది. లావుగా, మెల్లగా, మట్టి లోపల ఏదో ఒళ్ళు విరుచుకున్నట్టు. మగ్గం ఆగిపోయింది. అవ్వ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"ఏమయ్యా, ఏంది అది?" అని అవ్వ అరిచింది. మేం గడప దాకా వెళ్ళి తొంగి చూశాం. తాత కదలకుండా కూర్చుని గుంతలోకి చూస్తున్నాడు. మా కళ్ళ ముందే మళ్ళీ ఒకసారి కట్టె తొక్కాడు. కింద అది మళ్ళీ గుర్రుమంది.

మీకు అప్పుడే అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు. తరగతిలో ఆ పుస్తకం గొంతు మేకపిల్ల గొంతులా సన్నగా ఉండేది. నడుము లోతు గుంతలో, గోనెపట్టాల కింద, కట్టె బరువు మీద పడి ఆ గొంతు ఏమవుతుందో నేను చదివిన డిగ్రీలో ఎక్కడా లేదు. పైగా అది తొక్కిన ప్రతిసారీ వచ్చేది కాదు. పూట పొడుగునా ఏమీ ఉండదు, మనం మరిచిపోయి నవ్వుకుంటున్నప్పుడు కింద నుంచి పలికేది.

రెండో రోజుకి వీధంతా గడపలో చేరింది. అవ్వ గుంత చుట్టూ పసుపు నీళ్ళు చల్లి, మగ్గానికి నిమ్మకాయలు కట్టింది. "పూడుస్తామన్నాం కదా, అందుకే కోపం సేసుకునింది" అని కన్నీళ్ళు పెట్టుకుంది. ఆటో అన్న, "ఏ పందికొక్కో ఉంటాది లేమ్మా" అని సెల్‌ఫోను లైటు వేసి పైనుంచి గుంతలోకి చూశాడు. గోనెపట్టాలు, చీకటి తప్ప ఏమీ కనిపించలేదు. సరిగ్గా అప్పుడే తాత కాలు మెదిలింది. గుంత గుర్రుమంది. ఆటో అన్న ఒక్క గెంతులో నా గదిలో ఉన్నాడు. "దిగి సూడప్పా" అని ఎవరో అంటే, "బాడుగ ఉంది, ఆదోనికి పోవల్ల" అని ఆటో స్టార్టు చేశాడు. ఆ రోజు నుంచి గరుసు మాట ఎత్తలేదు.

నేను మా అమ్మీకి ఫోను చేశాను. "బేటా, జిన్నులు ఉండేది అట్లాంటి గుంతల్లోనే, సామాను సర్దుకోని వచ్చేయ్" అంది. నేను చదువుకున్నదాన్ని, ఇలాంటివి నమ్మను అని ఫోను పెట్టేసి, మంచాన్ని మగ్గం గది గోడ నుంచి ఇవతలి గోడకి జరుపుకున్నాను. తెలిసిన దువాలన్నీ వరసగా చదివాను, తెలియని వాటికి క్షమాపణ కూడా చెప్పుకున్నాను.

తరువాత అమావాస్య వచ్చింది. అమావాస్య నాడు మగ్గం ఎక్కరు. అవ్వ గుడికి వెళ్ళింది, బుడంకాయ కూడా ఆమె వెంటే పోయిందనుకున్నాను, కొడుకూ కోడలూ పనుల మీద పోయారు, తాత వీధి చివర అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బడికి సెలవు. మిట్టమధ్యాహ్నం నేను గదిలో బట్టలు మడత పెడుతుంటే లోపల గుర్రుమంది. మగ్గం మీద ఎవరూ లేరు. ఇంట్లోనే ఎవరూ లేరు.

పారిపోవాల్సింది. కానీ అన్నీ తెలిసిన మనిషికి ఒక బాధ ఉంటుంది, చూడకుండా ఉండలేకపోవడం. చీపురు పట్టుకుని (ఎందుకో ఇప్పటికీ తెలియదు) మగ్గం గది గడప దగ్గర నిలబడ్డాను. కిటికీలోంచి పలచటి వెలుగు ఖాళీ మగ్గం మీద పడుతోంది. తాత కూర్చునే చోటు ఖాళీ. నేను చూస్తుండగానే పడుగు దారాలు వాటంతట అవే రెండుగా విచ్చుకున్నాయి. సగం పైకి, సగం కిందికి, మెల్లగా నోరు తెరిచినట్టు. కింద గుర్రుమంది. దారాలు మూసుకున్నాయి. నా చేతిలో చీపురు ఎప్పుడు జారిందో తెలియదు. మళ్ళీ దారాలు విచ్చుకున్నాయి. ఈసారి గుర్రుమన్నాక, ఆ గుంత లోపల నుంచి ఒక చిన్న గొంతు, "తిను తిను, ఏడవాకు" అంది.

గుంత అంచు దాకా ఎలా వెళ్ళానో దేవుడికే తెలియాలి. లోపల బుడంకాయ గొంతుక్కూర్చుని ఉంది. ఒక చేత్తో కట్టెని కిందికి వంచుతోంది, అది వంగినప్పుడల్లా పైన దారాలు విచ్చుకుంటున్నాయి. ఇంకో చేతిలో వేయించిన శనక్కాయలు. గోనెపట్టా కింద నా పుస్తకం, దాని ఎర్ర మీట మీద సరిగ్గా కట్టె కొస.

"ఈడికెందుకు తెచ్చినావే?" అన్నాను.

"బడిలో అది ఏడుస్తాండె మిస్సూ. దాని ఇల్లు భూమి కింద అని నువ్వే సెప్తివి గదా. మా ఇంట్లో భూమి కింద ఇదొకటే ఉండాది. అందుకే దాన్ని ఇంటికి తోడుకోనొచ్చినా."

నేను గట్టు మీద కూలబడి నవ్వాను, ఏడ్చాను, ఏది ఎంతో చెప్పలేను. తరువాత భయం ఇంకో వైపు నుంచి పట్టుకుంది. ఈ సంగతి బయటపడితే ఆటో అన్న సాయంత్రానికే గరుసు ఎత్తిస్తాడు. బయటపెట్టకపోతే అవ్వ నిమ్మకాయలు కడుతూ గడగడలాడుతూనే ఉంటుంది. కనీసం తాతకైనా చెప్పాలి, పాపం ఆ ముసలాయన రోజూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆ గుంతలో దిగుతున్నాడు కదా అనుకున్నాను. పుస్తకం కొంగు చాటున పెట్టుకుని వీధి చివరకి వెళ్ళి తాత పక్కన అరుగు మీద కూర్చున్నాను. "తాతా, గుంతలో ఉన్నది..." అని మొదలుపెట్టాను.

తాత నా కొంగు వైపు చూశాడు. "దాన్ని ఈడికెందుకు తెస్తివమ్మా? ఎవురన్నా సూస్తే?" అన్నాడు.

"నీకు ముందే తెలుసా తాతా?" అన్నాను.

"నా గుంతలో నాకు తెలీకుండా ఏముంటాది టీచరమ్మా? పుట్టినప్పటి సంది ఈ కాళ్ళు ఆడనే ఉండె. మొదటి దినం నేనూ అదిరిపడినా, అబద్ధమెందుకు. రెండోసారి తొక్కితే కాలికి తెలిసిపాయ. ఎత్తి సూస్తే బుడ్డదాని బొమ్మల పుస్తకం." మోకాళ్ళు నిమురుకుంటూ మెల్లగా అన్నాడు. "తీసేద్దామనే అనుకుంటి. కానీ సూడు, నేను పూడ్సొద్దంటే సాదస్తం అనిరి. అది ఒక్కసారి గుర్రుమనేటప్పటికి అందురూ ఊరకైరి. నా మాట కంటే దాని మాటకే ఇలువుండాదని మళ్ళా ఆడనే పెట్టినా. నేసేటప్పుడు కూడా బాగుండాది. నేను తొక్కితే ఎవురో ఒకరు పలుకుతారు."

పుస్తకాన్ని కొంగు లోపలికి ఇంకొంచెం నెట్టుకున్నాను. కళ్ళు నిండాయి. తాత అటూ ఇటూ చూసి నా వైపు వంగాడు.

"అయితే టీచరమ్మా, నాలుగు దినాలుగా దాని గొంతు తగ్గిపోతాంది. ఆదోనిలో దానికి సెల్లు దొరుకుతాదా?"

ఆ ఆదివారం ఆదోనిలో గడియారాలు బాగుచేసే ఆయన దగ్గర సెల్లులు కొన్నాను. (వాచీకా అని అడిగాడు. కాదు, మగ్గానికి అన్నాను. ఆయన మళ్ళీ ఏమీ అడగలేదు.) సోమవారం మధ్యాహ్నం మగ్గాల వీధి మళ్ళీ అదిరిపడింది. అవ్వకి మాత్రం తాతే ఒక సాయంత్రం చెవిలో చెప్పాడు. ఆమె రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు కొడుకు వింటుండగా గుంత చుట్టూ ఇంకొంచెం ఎక్కువగా పసుపు నీళ్ళు చల్లింది. గరుసు కుప్ప వానలకి కొంత కరిగింది, మిగిలింది వీధివాళ్ళు తలా తట్టెడు ఎత్తుకుపోయారు. ఆ చీర దిగింది, దాని తరువాత ఇంకొకటి ఎక్కింది. ఎమ్మిగనూరులో నేనున్నన్నాళ్ళూ ఆదోని నుంచి సెల్లులు మోసింది నేనే.

తాత మోకాళ్ళు ఇక గుంతలోకి దిగలేమన్నాక ఆయనే కొడుకుని పిలిచి, "ఇంగ పూడ్సుకోప్పా" అన్నాడట. అప్పటికి నేను పెళ్ళయి ఆదోని వచ్చేశాను. తాత ఇప్పుడు లేడు. ఆ మాట రాస్తుంటే కూడా నాకు కష్టంగానే ఉంది.

మొన్న పని మీద ఎమ్మిగనూరు వెళ్ళి, ఆ ఇంటికి వెళ్ళాను. మగ్గం గది ఇప్పుడు జెరాక్స్ షాపు. బుడంకాయ కాలేజీకి పోయి వచ్చి మిషను దగ్గర కూర్చుంటుంది, పేరుకే బుడంకాయ, నాకంటే జానెడు పొడుగు. ఇప్పుడు నేను చదువు చెప్పే పిల్లల కోసం రాక్షసబల్లి బొమ్మల కాగితాలు కాపీలు తీయమని ఇచ్చాను. ఆ బొమ్మలు చూసి ఇద్దరం నవ్వుకున్నాం. ఎన్నాళ్ళనుంచో అడగాలనుకున్నది అప్పుడు అడిగాను. పూడ్చే రోజు ఆ పుస్తకం తీశారా?

"తాత తీయనీలేదు మిస్సూ. కొత్త సెల్లులేసి, ఆయనే లోపల పెట్టించినాడు. దానిల్లు అదే గదా అనె" అంది.

మిషను పనిచేయడం మొదలుపెట్టింది. నేల సన్నగా అదురుతోంది. నేను నిలబడింది సరిగ్గా తాత కాళ్ళుండే చోట అని అప్పుడు గమనించాను. ఇన్నేళ్ళకి ఆ సెల్లులు ఎప్పుడో అయిపోయి ఉంటాయని నాకు బాగా తెలుసు. అయినా కాలు మెల్లగా తీసి పక్క బండ మీదికి జరిగాను. బుడంకాయ చూసి మూతి బిగించుకుని నవ్వింది. తెలియనిది అంటూ ఏమీ లేని ఆ కొత్త టీచరమ్మ చూసి ఉంటే ఎంత వెక్కిరించేదో గానీ, కాపీలన్నీ అయ్యేదాకా నేను ఆ పక్క బండ మీదే నిలబడ్డాను.