జంషెడ్‌పూర్‌లో రెండు కెమెరాలు, అన్నయ్య ముఖం

కెమెరా కొనుక్కోవాలని నాకు చాలాకాలంగా ఉంది. జేబులో పట్టే చిన్నది కొనాలా, లెన్సు మార్చుకునే మిర్రర్‌లెస్ కొనాలా అన్నది మాత్రం తేలేది కాదు. రోజూ అన్నం తిన్నాక ఫోన్లో రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి పడుకునేదాన్ని. చిన్నది చవగ్గా వస్తుందని మొదట్లో ఒక ధైర్యం ఉండేది. ఈమధ్య చిన్నవాటికి మళ్లీ గిరాకీ వచ్చి, మిర్రర్‌లెస్‌లో అన్నిటికంటే కిందిరకం ధరకి దగ్గరగా వాటి ధరలూ చేరాయి. ఆ ధైర్యమూ పోయింది.

ఇలా ఉండగా జంషెడ్‌పూర్ నుంచి మా పార్వతి వదిన ఫోను చేసింది. మా అన్నయ్య సూర్యం పెళ్లికి ముందే అక్కడికి వెళ్లి ఫిట్టరుగా చేరాడు, అక్కడే ఉండిపోయాడు. ఆయనకి ఎడమ దవడలో, ఖైనీ పొగాకు నొక్కుకునే చోటే పుండు పడింది. పరీక్షలయ్యాయి. ఎముకలో కొంత ముక్క తీసేయాలన్నారు. అక్కడా మంచి ఆసుపత్రి ఉంది గాని, మనవాళ్లందరం దగ్గరుంటామని చెప్పి విశాఖపట్నంలో చేయించుకోవడానికి ఒప్పించాం. అక్కడికి పక్కనే ఆదిత్యపూర్‌లో పనిచేసే వాళ్లబ్బాయి సంతోష్‌కి ఆపరేషను నాటికే సెలవు దొరుకుతుందట. కాబట్టి అన్నయ్యనీ వదిననీ వెంటబెట్టుకు రావడం నా వంతు అయింది.

"కమలా, నువ్వెలాగూ కెమెరా కొంతానంటన్నావు కదా. కోసేత్తే ఆ మొకం మళ్లీ అలాగుంటాదో నేదో. ఒక్క మంచి ఫొటో తియ్యి తల్లీ. నవ్వుతున్నది," అంది వదిన.

నవ్వుతున్నది అని విడిగా ఎందుకు అడిగిందో చెప్పాలి. మా అన్నయ్య ఫొటో అంటే ఫ్యాక్టరీ గేట్‌పాస్ మీది ఫొటోయే. ఎవరు కెమెరా ఎత్తినా చొక్కా పైబొత్తం పెట్టుకుని, గడ్డం ఎత్తి, గుడ్లు అప్పగించి నిలబడతాడు. పెళ్లి ఫొటోలోనూ అంతే, కొడుకుని ఎత్తుకున్న ఫొటోలోనూ అంతే. మామూలుగా మాత్రం ఇల్లెగిరిపోయేలా నవ్వే మనిషి. ఆ నవ్వు ఒక్క ఫొటోలోనూ లేదు.

సాయంత్రం విజయనగరంలో రైలెక్కాను. వెళ్లాలనుకునేవారికి ఒక మాట: టికెట్టు టాటానగర్‌కి తీసుకోవాలి. జంషెడ్‌పూర్ అని వెతికితే స్టేషను దొరకదు. థర్డ్ ఏసీలో కింది బెర్తు వచ్చింది. ఇంటి నుంచి పులిహోర, దబ్బకాయ ఊరగాయ కట్టుకున్నాను. బరంపురం రాకముందే డబ్బా ఖాళీ.

ఎదురు బెర్తులో గ్రేస్ టీచరుగారని ఒకావిడ. వాళ్ల తాతలది కాకినాడ వైపు, ఇల్లు జంషెడ్‌పూర్‌లోనే, సీతారామ్‌డేరాలో. చర్చిలో కోత పండగ వేలంపాటకని రెండు గంపలు వెంట తెస్తున్నారు, కాళ్లు పెట్టుకోవడానికి చోటు లేదు. నా కెమెరా సంగతి విని వెంటనే తీర్పు ఇచ్చేశారు.

"చిన్నదే కొనుక్కోండి. పెద్దది మొదటి నెల మెళ్లో ఉంటుంది, రెండో నెల బీరువాలో ఉంటుంది. మా ఆయనది ఇప్పటికీ చీరల కింద పడుకుని ఉంది."

నిజమే అనిపించింది. రైల్లో తోటివాళ్లు చెప్పే సలహాలన్నీ నాకు నిజంగానే అనిపిస్తాయి, దిగేదాకా.

పొద్దున్న కొంచెం ఆలస్యంగా టాటానగర్ చేరాం. టీచరుగారి గంపలు దింపిపెట్టి, బయట మట్టి ముంతలో టీ తాగి, అన్నయ్య వాళ్లుండే భుయ్యాడీహ్‌కి ఆటో మాట్లాడుకున్నాను. స్టేషను ముందు ఆటోవాళ్లు మొదట చెప్పే రేటుకి ఎక్కకండి, నాలుగడుగులు నడిస్తే దిగివస్తారు. అన్నయ్య వీధి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. బుగ్గ ఎడమవైపు కాస్త ఉబ్బింది. అంతే. నేను ఇంకా ఘోరంగా ఊహించుకుని వచ్చాను.

"ఏటే, నన్ను తీసుకెల్లడానికొచ్చినావా, ఊరు సూడ్డానికొచ్చినావా?" అన్నాడు.

"రెండూను."

"అలగైతే ముందు ఊరు సూడు. నానెక్కడికీ పారిపోను," అని నవ్వబోయి బుగ్గ పట్టుకున్నాడు. వదిన నావైపు చూసింది. నేను సంచీ సర్దుకుంటున్నట్టు తల దించుకున్నాను.

వదిన వండిన చామదుంపల పులుసూ అన్నమూ తిని, మధ్యాహ్నం సంతోష్‌తో సాక్చీ బజారుకి వెళ్లాను. వాడి స్నేహితుడికి అక్కడ కెమెరాల కొట్టు ఉంది. అమ్ముతాడు, పెళ్లిళ్లకి అద్దెకీ ఇస్తాడు. ఆధార్ కార్డు పెట్టి కెమెరా పట్టుకుపోవచ్చు, నచ్చితే కొత్తది కొనుక్కోవచ్చు. నేను ఒకదాన్ని ఎత్తి దించి, ఇంకోదాన్ని ఎత్తి దించుతుంటే సంతోష్‌కి విసుగొచ్చింది.

"అత్తా, దోనో లే లో," అన్నాడు. వాడు నేను తెలుగులో అడిగితే హిందీలోనే జవాబు చెప్తాడు. రెండూ తీసుకోమని వాడి భావం. తీసుకున్నాను.

చిన్నది సబ్బుబిళ్లంత ఉంది. బొత్తం నొక్కితే లెన్సు దానంతటదే బయటికొస్తుంది, ఆపితే లోపలికి పోతుంది. అరచేతిలో పెట్టుకుంటే ఎదుటివాళ్లకి కెమెరా ఉన్నట్టే తెలియదు. మిర్రర్‌లెస్ నిజానికి పెద్ద బరువేమీ కాదు. కాని మెడలో వేసుకోగానే నలుగురూ తిరిగి చూస్తారు. వెలుతురు తక్కువున్నచోట బొమ్మ శుభ్రంగా వస్తుంది, వెనకాల ఉన్న చెత్తా చెదారమూ మసకబారి మనిషి మాత్రం తేటగా కనిపిస్తాడు. కొట్టు లోపల చీకట్లో కూర్చున్న ముసలాయన్ని రెండింటితోనూ తీసి చూశాను. పెద్దదానిలో ఆయన కనుబొమల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. చిన్నదానిలో ఆయన బాగానే ఉన్నాడు, అంతకంటే చెప్పలేను.

ఎండ తగ్గాక అన్నయ్యనీ వదిననీ తీసుకుని దోముహానీకి వెళ్లాం. ఖర్కాయి నది వచ్చి సువర్ణరేఖలో కలిసే చోటు అది. సాయంత్రం పూట చూడదగ్గది. గట్టు మీద వేయించిన శనగలు, జామకాయలు అమ్ముతారు. నీళ్లలోకి మాత్రం దిగకండి, రాళ్లు జారుడు.

మెడలోని మిర్రర్‌లెస్ ఎత్తాను. అన్నయ్య చెయ్యి పైబొత్తం మీదికి పోయింది, గడ్డం లేచింది, గుడ్లు బయటికొచ్చాయి. దించాను. మామూలుగా అయిపోయాడు. మళ్లీ ఎత్తాను, మళ్లీ గేట్‌పాస్.

"కొంచెం నవ్వండి," అంది వదిన.

ఆయన నవ్వలేదు. కెమెరా వంక చూసి అడిగాడు. "ఇంత పెద్దది తెచ్చినావు. గోడకి కట్టే ఫొటోకేటి?"

"ఛీ, అవేం మాటలు!" అన్నాన్నేను. వదిన మొహం తిప్పేసుకుంది. నిజం చెప్పాలంటే ఆ ఆలోచన మా ఇద్దరికీ వచ్చిందే. దాన్ని ఆయన నోటితో వినడం మాకు చేత కాలేదు.

పెద్ద కెమెరా సంచీలో పెట్టేసి, చిన్నది అరచేతిలోకి తీసుకున్నాను. గట్టు కింద వల విప్పుకుంటున్న ఒకతనితో అన్నయ్య హిందీలో కబుర్లలో పడ్డాడు. చేపలు ఎన్ని పడ్డాయంటే అతను బొటనవేలంత చేపని ఎత్తి చూపించాడు. అన్నయ్య పగలబడి నవ్వాడు. నడుం దగ్గర నుంచే నొక్కాను. తెర మీద చూసుకున్నాను. తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని, నిండుగా నవ్వుతున్న మా అన్నయ్య. అదే ముఖం. నలభై ఏళ్లుగా ఎవరికీ దొరకని ముఖం.

లెన్సు లోపలికి పోతూ చిన్న చప్పుడు చేసింది. ఆయన వెనక్కి తిరిగాడు.

"సూపించు."

చూపించాను. మెచ్చుకుంటాడనే అనుకున్నాను, బుద్ధిలేనిదాన్ని. ఆయన చాలాసేపు చూశాడు.

"నానింకా ఉన్నాను కదేటే. అడగడానికి నోరు నేదా? పోయినోడి జేబులోంచి తీసుకున్నట్టు తీసుకుంతావా?" గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "తీసీ."

వదిన వద్దన్నట్టు నా మోచెయ్యి పట్టుకుంది. నేను చెరిపేసే బొత్తం నొక్కాను. ఖాయమేనా అని కెమెరా ఇంకోసారి అడిగింది. ఖాయమేనని నొక్కాను. ఆటో ఎక్కి ఇల్లు చేరాం. ఆ రాత్రి వదిన నాకు పక్క వేస్తూ, "పోనీలే కమలా," అని ఒక్క మాట అంది. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పదిన్నరకి కొట్టు తీయించి రెండు కెమెరాలూ బల్ల మీద పెట్టాను. మిర్రర్‌లెస్ కొత్తది ఇమ్మన్నాను. సంతోష్ నోరు తెరిచాడు.

"క్యోం? నువ్వే కదా ఇది మెళ్లో వేసుకుంటే అందరూ చూస్తారన్నావు?" వాడికి అవసరమైతే తెలుగు వస్తుంది.

"చిన్నదానితో అడక్కుండా తీసేస్తున్నానురా. ఇది ఎత్తితే ఎదుటివాడికి తెలుస్తుంది, వద్దంటే వద్దనొచ్చు," అన్నాను.

కొట్టువాడు ఇలాంటి కారణం ఇంతకుముందు విననట్టున్నాడు. మెడపట్టీ ఉచితంగా ఇచ్చాడు. ఊళ్లు తిరిగేవాళ్లకి చిన్నదే సుఖమని నేనిప్పటికీ ఒప్పుకుంటాను. నాకు అది తగదు, అంతే.

సాయంత్రం తిరుగు రైలు. సంతోష్ స్టేషనుకి వచ్చి తండ్రి కాళ్లకి దండం పెట్టి, "పాపా, టెన్షన్ నహీ," అని ఎటో చూశాడు. అన్నయ్య వాడి వీపు మీద ఒక్కటి చరిచాడు. రాత్రి ఆయన పాలల్లో నానబెట్టిన రొట్టె తిన్నాడు, మేము స్టేషనులో కట్టించుకున్న పూరీ కూర. జంషెడ్‌పూర్ ఎలా ఉందని అడిగేవారికి నేను చెప్పగలిగేది ఇంతే: రోడ్లు శుభ్రం, చెట్లు ఎక్కువ, టీ చిక్కన, తెలుగువాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. రెండు రోజులు చాలవు. ఈసారి నేను ఊరు సగమే చూశాను, ఆ సగం కూడా తెర మీదే.

తెల్లవారి పలాస దాటాక కిటికీలోంచి మంచి ఎండ పడింది. ఏం తోచక కెమెరా పెట్టె విప్పాను. కొట్టువాడు లెన్సునీ కెమెరానీ విడివిడిగా సర్దాడు. మూతలు తీసి ఒళ్లో పెట్టుకుని బిగించబోతుంటే అన్నయ్య ముందుకు వంగాడు.

"ఈ సుక్కలేటి? దీని మీదొకటి, దాని మీదొకటి?"

"రెండు చుక్కలూ ఎదురెదురుగా పెట్టి తిప్పితే బిగుస్తుంది. లేకపోతే పట్టదు."

"ఇటియ్యి." తీసుకుని, చుక్కకి చుక్క ఆనించి తిప్పాడు. టక్కుమంది. విప్పాడు, మళ్లీ బిగించాడు. ఆసుపత్రి మాట మొదలైన దగ్గర్నుంచి ఆయన కళ్లల్లో అంత హుషారు నేను చూడలేదు. "మా కాడా ఇదే. ఏ గేర్‌బాక్సు ఇప్పినా ముందు రెండు పక్కలా పంచ్‌తో గుర్తులు కొడతాం. కొట్టకండా ఇప్పినోడు తిరిగి బిగించనేడు. ఎంత పెద్ద మేస్త్రీ అయినా సరే."

చెయ్యి ఆగిపోయింది. కిటికీలోంచి బయటికి చూశాడు. జీడితోటలు పోతున్నాయి. తర్వాత మెల్లిగా కెమెరా నా చేతికిచ్చాడు.

"తియ్యి," అన్నాడు.

"ఏంటి?"

"గుర్తులు కొట్టు. డాక్టరు ఇప్పుతాడు కదేటి. ఎలగుండేదో తెల్దనుకో, ఎలగ బిగిత్తాడు?"

వదిన పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను కెమెరా ఎత్తాను. ఆయన పైబొత్తం ముట్టుకోలేదు. తిన్నగా నా వైపు తిరిగి కూర్చున్నాడు. తీశాను. ఎడమవైపు తిరిగాడు, వాచిన బుగ్గని ఎండలోకి పెట్టి. తీశాను. కుడివైపు. గడ్డం కింద నుంచి కూడా తీయమని చెప్పి తల ఎత్తాడు. ఎండ మారితే జరిగి కూర్చున్నాడు. మిషను డ్రాయింగు గీయిస్తున్నట్టే నాకు పని చెప్పాడు, నేను చేశాను.

"నోరు తెరిసింది కూడా ఉండాల. దవడ ఎంత తెరుసుకుంతాదో కొలత ఉండాల," అని నోరు తెరిచాడు. నవ్వు కాదు, ఉత్త తెరవడం.

"ఓలమ్మ, పెల్లినాడు బూరి పెట్టబోతే ఇందులో సగం తెరవనేదు, ఇప్పుడు సూడు!" అంది వదిన, ఏడుస్తూనే.

ఆయన నవ్వాడు. నొప్పికి బుగ్గ పట్టుకుని మరీ నవ్వాడు. పైబెర్తు కుర్రాడు దుప్పటి తీసి చూశాడు. నేను నొక్కుతూనే ఉన్నాను.

"వచ్చిందేటి?"

"వచ్చింది అన్నయ్యా."

"అయితే అదే డాక్టరుకి సూపించు. ఇలగే బిగించమని సెప్పు."

చెప్తానన్నాను. శ్రీకాకుళం రోడ్ వచ్చేదాకా కెమెరా కంటి మీద నుంచి దించలేదు. దించితే నా ముఖం ఆయనకి కనబడుతుంది.